కదిలిన చెయ్యి

ముప్పై ఆరు ఫోటోలు. ముప్పై ఆరూ వణికాయి.

ఉరుకుందమ్మ నెగెటివ్ రీలును కిటికీ వెలుతురుకు పట్టి మొదటినుంచి చివరిదాకా చూసింది. చివరినుంచి మళ్ళీ మొదటికి వచ్చింది. ఎటునుంచి చూసినా బసమ్మకు రెండు ముక్కులున్నాయి. ఆమె ముందరున్న మిషనుకు అంచే లేదు. తడిచెయ్యి తగిలిన సిరారాతలా అంతా అలుక్కుపోయింది.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. ఉరుకుందమ్మకు కోపం వచ్చింది. తప్పు తనది కావచ్చునన్న ఆలోచన ఆమె గడప తొక్కలేదు. ఆదోనిలో కెమెరా పట్టిన ఆడవాళ్ళలో బి.ఏ. చదివింది తనొక్కతే. నిజానికి గురువును పక్కన పెడితే ఆ ఊళ్ళో కెమెరా పట్టిన ఆడమనిషి తనొక్కతే. ఫోటోల వెనక కొట్టడానికి "ఉరుకుందమ్మ, బి.ఏ., ఫోటోగ్రాఫర్" అని రబ్బరు ముద్ర కూడా చేయించుకుంది. ఆ ముద్రలో బి.ఏ. తక్కిన అక్షరాలకంటే కాస్త లావు.

"లెన్సు బాగలేదు ఖాలా," అంది.

ఆమె గురువు ఖైరున్నీసా స్టూడియో గుమ్మంలో కూచుని పాత కెమెరాను మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

"రీలు గూడా పాతదిచ్చినాడు ఆ షాపాయన. మిల్లులో వెలుతురే లేదు. చెయ్యి కదలకుండ యాడన్నా ఆనుకోమని నువ్వే చెప్పినావు గదా. స్తంభానికి ఆనుకున్నా. మిషన్లు తిరుగుతాంటే ఆ స్తంభమే వణుకుతాది. నేనేం చేసేది?"

"మరి ఆనుకోవద్దు," అంది ఖైరున్నీసా.

అంతే. మళ్ళీ తుడవడంలో పడింది.

ఆమెకు అరవై దాటాయి. ఊరంతా ఫోటో ఖాలా అంటారు, ఫోటో పిన్ని అని. స్టూడియో బోర్డు మీద ఇప్పటికీ భర్త పేరే ఉంది, ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయినా. పరాయి మగవాడి ముందు ముసుగు తీయలేని ఆడవాళ్ళ కోసం లోపలి గదిలో ఒక కెమెరా పెట్టి, ఆయనే ఆమెకు పని నేర్పాడు. ఆయన పోయాక స్టూడియో మూతపడుతుందని అందరూ అనుకున్నారు. పడలేదు. మొదట్లో మొహం తిప్పుకుని పోయిన మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు బుద్ధిగా కూచున్నారు. పాస్‌పోర్టు సైజు ఫోటో కావలసి వస్తే మగతనం కూడా కాస్త సర్దుకుంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఏదీ విడమరిచి చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఉరుకుందమ్మ మూడేళ్ళుగా ఆమె దగ్గర నేర్చుకుంటోంది. ఆ మూడేళ్ళలో ఆమె చెప్పిన పాఠాలన్నీ రాసుకుంటే ఒక పేజీ నిండదు.

"సోమవారం విచారణ ఖాలా," అంది ఉరుకుందమ్మ. గొంతులో ఇప్పుడు కోపం కాస్త తగ్గి భయం వినపడింది. "ఈరోజు గురువారం. బసమ్మ పెద్దమ్మకు ఏం మొగం పెట్టుకుని చెప్పేది?"

బసమ్మ సంగతి ఇది.

ఊరి చివర జిన్నింగ్ మిల్లులో నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. మిషను ముందర నిలబడి గింజపత్తిని రెండు చేతులా రోలర్ల మధ్యకు అందిస్తారు. దూది ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు పడతాయి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆ చేతులు ఆగవు. కానీ మిల్లు రిజిస్టరులో ఆ నలభై మందీ ఊడ్చేవాళ్ళు. మిషను పని మగవాళ్ళదట. రిజిస్టరు రాసేదీ మగవాళ్ళే కాబట్టి ఇన్నేళ్ళుగా దానికి తిరుగులేకుండా పోయింది.

పోయిన ఎండాకాలం రంగమ్మ అనే ఆమె కుడిచెయ్యి రోలర్లలో పడింది. మూడు వేళ్ళు పోయాయి. ఊడ్చే మనిషి మిషను దగ్గరికి ఎందుకు పోయింది, తప్పు ఆమెదే, మిల్లుకు సంబంధం లేదు అన్నాడు మేనేజరు. అప్పుడు లేచింది బసమ్మ. పద్నాలుగో నంబరు మిషను మీద పదకొండేళ్ళుగా నిలబడ్డ మనిషి. సంతకం పెట్టడం నేర్చుకుని మరీ, రంగమ్మకు పరిహారం ఇప్పించమని లేబర్ ఆఫీసరుకు అర్జీ ఇచ్చింది. మీరు మిషను మీద పనిచేస్తారనడానికి సాక్ష్యం ఏముంది అని అక్కడ అడిగారు. నలభై మంది నోళ్ళున్నాయి అంది బసమ్మ. అవి కాకుండా ఏముంది అన్నారు.

అందుకని ఆమె ఉరుకుందమ్మ దగ్గరికి వచ్చింది.

"మిషను మీద పనిచేస్తాంటే, మొగం తేటగా కనపడేట్ల ఒక్క ఫోటో తియ్యమ్మే."

"ఒక్కటేంది పెద్దమ్మా, ముప్పై ఆరు తీస్తా," అంది ఉరుకుందమ్మ.

తీసింది. మేనేజరు భోజనానికి పోయే అరగంటలో, సద్దిగిన్నె బుట్టలో కెమెరా దాచుకుని లోపలికి పోయింది. మూడుకాళ్ళ స్టాండు బుట్టలో పట్టదు. ఫ్లాష్ వేస్తే గాలిలో ఎగిరే దూది నూగు మీద వెలుగు పడి మనిషి మొహమంతా తెల్ల మచ్చలవుతాయి, మేస్త్రీ కంట్లోనూ పడుతుంది. కాబట్టి ఉన్న వెలుతురుతోనే తీయాలి. వెలుతురు తక్కువైతే కెమెరా రెప్ప ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. తెరుచుకుని ఉన్నంతసేపూ పట్టుకున్న మనిషి రాయి కావాలి. ఉరుకుందమ్మ తనను తాను రాయి అనే అనుకుంది.

"కర్నూలులో మంచి లెన్సులు బాడుగకిస్తారంట ఖాలా. తెప్పించుకుందాం."

ఖైరున్నీసా గుడ్డ పక్కన పెట్టింది. "ఎట్ల తీసినావో చూపించు."

"చూపించేదేముంది? ఎప్పుడూ తీసినట్లే."

"అదో, ఆ ఇస్త్రీ ఆయన్ని తియ్యి. పది."

కెమెరాలో రీలు లేదు. అయినా గురువు చెప్పింది కాబట్టి ఉరుకుందమ్మ వీధిలోకి దిగింది. ఎదురుగా వేపచెట్టు కింద తోపుడుబండి మీద ఇస్త్రీ చేసుకుంటున్న మద్దిలేటి తలెత్తి చూశాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మీసం దువ్వుకున్నాడు.

"ఏం పాపా, పేపర్లో వేస్తావా?"

"రీలు లేదులే మామా. నీ పని నువ్వు చేసుకో."

"రీలు లేకుండానే నన్ను ఇంతసేపు చూస్తాండావా? మా ఇంటామెకు చెప్పొద్దు తల్లీ."

ఉరుకుందమ్మ నవ్వు ఆపుకుని ఒకటి కొట్టింది. రెండు కొట్టింది. మూడోదానికి పక్కనుంచి ఇంకో క్లిక్కు వినపడింది. తల తిప్పితే, గుమ్మంలోంచి ఖైరున్నీసా పాత కెమెరాతో తననే తీస్తోంది.

"నన్నెందుకు తీస్తాండావు ఖాలా?"

"ఊరికే. ఎదురుగా ఉండావు."

ఉరుకుందమ్మకు లోపల బాగానే అనిపించింది. మూడేళ్ళలో గురువు తనను ఒక్క ఫోటో తీయలేదు. పని చేసేటప్పుడు తను ఎలా ఉంటుందో ఖాలాకు ఇప్పటికి కంటికి ఆనినట్టుంది. ముంగురులు వెనక్కి తోసుకుని, గడ్డం కాస్త ఎత్తి, మిగతా ఏడూ ఇంకా శ్రద్ధగా కొట్టింది.

"చూసినావు గదా," అంది లోపలికి వస్తూ. "నా చేతులు వణికినాయా?"

"లేదు."

"నేను చెప్పలా! లెన్సే అని."

"పొద్దున రా," అంది ఖైరున్నీసా.

మరునాడు పొద్దున వెళ్ళేసరికి డార్క్‌రూము బయట తీగ మీద చిన్న చిన్న ఫోటోలు పది, క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. ఖైరున్నీసా భూతద్దం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"టీపొడి అయిపోయింది. తెస్తా," అని చెప్పులేసుకుంది.

టీపొడి డబ్బా నిండుగా ఉందని ఉరుకుందమ్మకు తెలుసు. నిన్న తెచ్చింది తనే.

భూతద్దం తీసుకుని మొదటి ఫోటో మీద పెట్టింది. బాగుంది. తన జడ బాగుంది, పక్కనుంచి ముక్కు బాగుంది. రెండోది చూసింది. మూడోది చూసింది. నాలుగోదాని దగ్గర భూతద్దం ఆగిపోయింది. మళ్ళీ మొదటిదానికి పోయింది.

కుడిచెయ్యి కెమెరా మీద ఉంది. ఎడమచెయ్యి ఎక్కడ?

లెన్సు కింద ఉండాల్సిన ఎడమచెయ్యి చున్నీ మీద ఉంది. భుజం మీద సర్దుతోంది. రెండో ఫోటోలో కిందికి లాగుతోంది. మూడోదాంట్లో లెన్సు వైపు పోతూ పోతూ మధ్యలో ఆగింది. అయిదోదాంట్లో మళ్ళీ చున్నీకే వచ్చేసింది. పదిట్లో ఏడు ఫోటోల్లో ఆమె అంత బరువు కెమెరాను ఒంటిచేత్తో మోస్తోంది. ఆ సంగతి ఆమెకు ఈ క్షణం దాకా తెలియదు.

కాళ్ళు చూసింది. పది ఫోటోల్లోనూ రెండు కాళ్ళూ అతుక్కుని ఉన్నాయి, ఒకే చెప్పులో నిలబడ్డట్టు. మోచేతులు గాల్లో ఉన్నాయి. భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. ఎనిమిదో ఫోటోలో నడుము దగ్గర ఒక పక్కకు ఒరిగింది. ఎందుకు ఒరిగిందా అని చూస్తే, వీధిలో అంత దూరంలో ఒక సైకిలు వస్తోంది. సైకిలుకు పదడుగుల దారి ఉంది. అయినా ఉరుకుందమ్మ దారి ఇచ్చింది.

పది ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆమె మద్దిలేటిని చూడటం లేదు. ఎవరో తనను చూస్తున్నారని తనను తానే చూసుకుంటోంది.

ఆ చున్నీ కథ ఆమెకు తెలియనిది కాదు. వాళ్ళమ్మ నారాయణమ్మ పెళ్ళయిన కొత్తలో అదే మిల్లులో పనిచేసింది. కొంగు నడుముకు చుట్టి బిగించి పని చేసేది. కూతురు కాలేజీకి పోయిన మొదటిరోజు చున్నీ రెండు భుజాల మీదా పరిచి, రెండు పక్కలా పిన్నీసులు పెట్టి, ఒక్కటే మాట చెప్పింది. "కూలోళ్ళ మాదిరి నడుముకు చుట్టుకోవద్దు. చదువుకున్న పిల్ల మాదిరి ఉండు." అప్పటినుంచి ఉరుకుందమ్మ చదువుకున్న పిల్ల మాదిరే ఉంది. మొన్న మిల్లులో బసమ్మ "ఆ గుడ్డ నడుముకు చుట్టుకోమ్మే" అని అరిస్తే కూడా, తల అడ్డంగా ఊపి, ఇంకో పిన్నీసు పెట్టుకుంది.

ఖైరున్నీసా తిరిగి వచ్చింది. చేతిలో టీపొడి లేదు.

ఉరుకుందమ్మ మొహం కందగడ్డలా ఉంది. "ఇదేం పని ఖాలా? నన్ను నగుబాటు చెయ్యాలనా?"

ఖైరున్నీసా వచ్చి, భూతద్దం తీసుకుని, ఒక ఫోటో మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"బాగానే వచ్చింది," అంది. "కదల్లేదు."

మధ్యాహ్నం ఉరుకుందమ్మ భోజనానికి ఇంటికి పోయి, అన్నం కూడా తినకుండా కెమెరాతో మిద్దెక్కింది. పిన్నీసులు తీసి పిట్టగోడ మీద పెట్టింది. చున్నీ తీసి నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసింది. కాళ్ళు దూరంగా పెట్టి నిలబడింది.

ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఎప్పుడూ అంత చోటు తీసుకుని నిలబడలేదు.

మోచేతులు పక్కటెముకలకు ఆనించింది. ఎడమచెయ్యి లెన్సు కింద గిన్నెలా పట్టింది. మోకాళ్ళు కొంచెం వదిలింది. ఎదురింటి నీళ్ళట్యాంకు మీద రాసిన అక్షరాలను చూస్తూ నిలబడింది. అక్షరాలు ఊగాయి. చాలాసేపు ఊగుతూనే ఉన్నాయి.

బట్టలు తీయడానికి పైకి వచ్చిన నారాయణమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

"ఏమ్మే, మగరాయుడి మాదిరి ఏంది ఆ నిలబడేది? ఎవరన్నా చూస్తే?"

"చూడనీ. నేనూ చూస్తాండా."

"ఏం చూస్తాండావు?"

"ఆ ట్యాంకు మీద ఉండే అక్షరాలు. నువ్వు పక్కకు జరుగు, అడ్డమొస్తాండావు."

నారాయణమ్మ జన్మలో మొదటిసారి కూతురు చెబితే పక్కకు జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే అర్థం కాలేదు.

సాయంత్రం స్టూడియోకు వచ్చి ఉరుకుందమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది.

"అంతా సరిపోయింది ఖాలా. కానీ గుండె కొట్టుకునేది గూడా కెమెరాకు తెలుస్తాంది. ఎప్పుడు నొక్కాల?"

"ఊపిరి ఇచ్చేసినాక," అంది ఖైరున్నీసా. "మళ్ళీ తీసుకోకముందు."

శనివారం మధ్యాహ్నం మేనేజరు కారు గేటు దాటగానే బసమ్మ ఆమెను వెనక తలుపులోంచి లోపలికి తీసుకుపోయింది. మిషన్ల హోరు. గాలి నిండా తెల్లటి నూగు. ఉరుకుందమ్మ బుట్ట దించి, చున్నీ తీసి నడుముకు బిగించి కట్టింది.

బసమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఏమ్మే, మా మాదిరే కట్టినావే!"

"పనికొచ్చినా గదా పెద్దమ్మా."

బసమ్మ నవ్వి తన మిషను దగ్గరికి పోయింది. పత్తి చేతిలోకి తీసుకుంది. తర్వాత ఆమెకు ఉరుకుందమ్మ అక్కడుందన్న సంగతే గుర్తులేదు. పని వచ్చినవాళ్ళ తీరే అది, మనిషి కదలదు, చేతులే కదులుతాయి.

ఉరుకుందమ్మ స్తంభానికి దూరంగా, నేల మధ్యలో నిలబడింది. కాళ్ళు పాతింది. నేల అదురుతోంది. ఆ అదురును మోకాళ్ళ దగ్గరే ఆపేసింది. కంటికి కెమెరా పెట్టింది. బసమ్మ మొహం, దాని వెనక గోడకు కొట్టిన రేకు, రేకు మీద నంబరు.

ఊపిరి తీసుకుంది. వదలడం మొదలుపెట్టింది.

"ఏయ్! ఎవరమ్మే అది?"

మేస్త్రీ గొంతు. వెనకనుంచి. చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది.

మొన్నటి ఉరుకుందమ్మ అయితే అప్పటికే తిరిగి, చున్నీ సర్దుకుని, ఏం లేదన్నా అని ఉండేది. ఈ ఉరుకుందమ్మకు ఇంకా కొంచెం ఊపిరి మిగిలి ఉంది. అది పూర్తిగా ఇచ్చేసింది.

క్లిక్.

"చెవుడా నీకు? ఎవరడిగి లోపలికొచ్చినావు?"

క్లిక్.

మేస్త్రీ పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేయబోతుండగా మూడోది కొట్టి, కెమెరా దించి, అప్పుడు తిరిగి చూసింది.

"ఏమన్నా?" అంది నిదానంగా.

"రీలు ఇయ్యి."

బసమ్మ మిషను దగ్గరినుంచి దిగి వచ్చింది. ఆమె వెనక పదమూడో నంబరామె, పదిహేనో నంబరామె. ఒక్కొక్కరే నలభై మందీ దిగారు. మిషన్లు ఒట్టిగా తిరుగుతున్నాయి.

"ఏం రీలు మేస్త్రీ?" అంది బసమ్మ. "మిషను మీద ఆడోళ్ళే లేరని మీ రిజిస్టరు చెప్తాంది గదా. లేనోళ్ళ ఫోటో ఈ పాప ఎట్ల తీస్తాది?"

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ ఒట్టిగా తిరుగుతున్న రోలర్ల వైపు కంగారుగా చూశాడు.

"ముందు పోయి పత్తి పెట్టండి. మిషన్లు ఒట్టిగా తిరుగుతాండాయి. పెట్టండమ్మా!"

"మేమా? మేం ఊడ్చేటోళ్ళం సామీ. పొరకలు యాడుండాయో చూపించు."

నలభై మంది నవ్వు మిషన్ల హోరును మింగేసింది. ఆ నవ్వు మధ్యలోంచి ఉరుకుందమ్మ బుట్ట తీసుకుని, ముందు తలుపులోంచి, ఎండలోకి నడిచిపోయింది.

ఆదివారం డార్క్‌రూములో ఎర్రలైటు కింద ఖైరున్నీసా కాగితాన్ని ట్రేలో వేసి మెల్లగా ఊపింది. మొదట గోడ వచ్చింది. గోడ మీద రేకు వచ్చింది, నంబరు వచ్చింది. బసమ్మ నుదురు, కళ్ళు, ముక్కు. ఒకటే ముక్కు. కనురెప్పల మీద వాలిన నూగు పోగులు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి.

ఉరుకుందమ్మ గుండె పొంగింది. గురువు వైపు గర్వంగా చూసి, మళ్ళీ ట్రేలోకి చూసింది.

చేతులు లేవు.

ముంజేతుల దాకా బసమ్మే. ఆ తర్వాత రోలర్ల ముందర తెల్లటి పొగ, అంతే. వేళ్ళు లేవు, అరచేతులు లేవు.

మిగతా రెండూ కడిగి చూశారు. ఒకదాంట్లో మేస్త్రీ భుజం అడ్డమొచ్చింది. ఇంకోదాంట్లో బసమ్మ అతనివైపు తిరిగిపోయింది. పనికొచ్చేది ఆ మొదటిదే. దాంట్లో చేతులు లేవు.

"చేతులే గదా కావాల్సింది ఖాలా," అంది ఉరుకుందమ్మ. "చెదిరిపోయినాయి. నాతోని కాలేదు."

ఆ మాట ఆమె నోట మూడేళ్ళలో మొదటిసారి వచ్చింది.

ఖైరున్నీసా భూతద్దంతో తడి ఫోటో మీదికి వంగింది. రేకు చూసింది, రెప్పలు చూసింది, పొగ చూసింది. తర్వాత బీరువా తెరిచి, నిఖా ఫోటోలకు మాత్రమే వాడే పెద్ద సైజు కాగితం ప్యాకెట్టు తీసింది.

"అంత పెద్దదెందుకు? చెదిరిన ఫోటో ఎంత పెద్దదైతే అంత నగుబాటు."

ఖైరున్నీసా కాగితాన్ని లైటు కింద సరిచేస్తూ అడిగింది. "ఎవరు కదిలినారు?"

ఉరుకుందమ్మకు జవాబు తోచలేదు. గురువు మళ్ళీ అడగలేదు.

సోమవారం లేబర్ ఆఫీసులో ఒక పక్క మేనేజరు, మేస్త్రీ కుర్చీల్లో కూచున్నారు. ఇంకో పక్క బెంచీల మీద ఆడవాళ్ళు. అందరికంటే వెనక ఖైరున్నీసా. లేబర్ ఆఫీసరు ఫోటోను బల్ల మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మేనేజరు లేచి వచ్చి తనూ చూశాడు. చూసి నవ్వాడు.

"ఇది పోజు సార్. ఊడ్చే మనిషిని కాసేపు మిషను పక్కన నిలబెట్టి తీసినారు. అది కూడా సరిగ్గా తీయడం రాలేదు. చూడండి, చేతులు చెదిరిపోయినాయి. ఆడపిల్ల గదా, పాపం, కెమెరా బరువుకు చెయ్యి వణికింటాది."

మేస్త్రీ కూడా నవ్వాడు. ఆఫీసరు పెదవి కొంచెం కదిలింది.

ఉరుకుందమ్మ చెవులు వేడెక్కాయి. తల దించుకోబోయింది. నిన్న ఎర్రలైటు కింద జవాబు లేకుండా మిగిలిన ప్రశ్న అప్పుడు వచ్చి ఆమె ముందు నిలబడింది.

ఆమె లేచింది.

"సార్, గోడ మీద రేకు ఉండాది. దాని మీద నంబరు చదవండి."

"పద్నాలుగు," అన్నాడు ఆఫీసరు.

"దాని కింద చిన్న అక్షరాలుండాయి. అవి గూడా చదవండి సార్."

ఆఫీసరు వంగాడు. ఒక్కొక్క అక్షరమే చదివాడు. "చేతులు... దూరముగా... ఉంచవలెను."

రంగమ్మ బెంచీ మీద ఒక్కసారి కదిలి కూచుంది.

"నా చెయ్యి వణికింటే ఆ అక్షరాలు చదవొచ్చునా సార్?"

"చదవలేం."

"బసమ్మ పెద్దమ్మ రెప్పల మీద నూగుండాది. పోగులు లెక్కపెట్టుకోండి. నేను కదల్లేదు సార్. గోడ కదల్లేదు. ఆయమ్మ తల గూడా కదల్లేదు. పోజిచ్చి నిలబడింటే చేతులు గూడా కదిలేవి కాదు." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "పనిచేస్తాండే చేతులు సార్ అవి. ఈ ఫోటోలో కదిలింది అవొక్కటే."

మేనేజరు ఫోటో వైపు ఇంకోసారి చూసి, వెనక్కి పోయి కుర్చీలో కూచున్నాడు.

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. ఈసారి ఫోటోను కాకుండా మనిషిని చూశాడు. "ఏమ్మా, ఇవి నీ చేతులేనా?"

బసమ్మ లేచి బల్ల దాకా నడిచింది. ఫోటోలో ఉన్న పొగను వేలితో తాకి చూసింది.

"నావే సార్," అంది. "అవి ఊరికే ఉండవు."

ఆఫీసరు కలం తీసుకున్నాడు. విచారణ కాగితంలో బసమ్మ పేరు పక్కన "ఊడ్చు మనిషి" అన్న మాట కొట్టేసి, "మిషను పని" అని రాశాడు. రాసింది పైకి చదివి వినిపించాడు. తర్వాత రంగమ్మ పేరు పిలిచాడు. ఆమె వచ్చి, రెండు వేళ్ళు మిగిలిన కుడిచెయ్యి, ఎవరూ అడగకుండానే, ఆ ఫోటో పక్కన బల్ల మీద పెట్టింది.

విచారణ ముగిసేసరికి మధ్యాహ్నమైంది. ఆడవాళ్ళు మెట్ల మీద గుంపుగా నిలబడి ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుకుంటున్నారు. బసమ్మ ఉరుకుందమ్మ గడ్డం పట్టుకుని ఊపింది. ఖైరున్నీసా అప్పటికే గేటు దాటింది. ఉరుకుందమ్మ పరుగెత్తి ఆమెను అందుకుంది.

ఇద్దరూ కొంతదూరం నడిచారు.

"ఖాలా, ట్రేలో ఆ పొగ కనపడినప్పుడే నీకు తెలుసు గదా?"

ఖైరున్నీసా తలూపింది.

"మరి అప్పుడే చెప్పింటే? రాత్రంతా కన్ను మూయలేదు నేను."

ఎండ చురుక్కుమంటోంది. ఖైరున్నీసా కొంగు తల మీదికి లాక్కుంది.

"నేను చెప్పింటే," అంది, "ఆ బల్ల ముందర నేను నిలబడాల్సొచ్చేది."